తొలి దగ్గు కోసం మెమో పుచ్చుకున్న సన్యాసిరాజు గారు

పంతొమ్మిది వందల డెబ్బై, జూన్ ఎనిమిదవ తేదీ సోమవారం ఉదయం శ్రీ దాట్ల సన్యాసిరాజు గారు మన క్షయ చికిత్సాలయంలో ప్రయోగశాల టెక్నీషియన్‌గా పదవీ బాధ్యతలు స్వీకరించారు. అంతకుముందు సైనిక వైద్యశాలల్లో పద్దెనిమిదేళ్లు సేవచేసి, సొంతవాళ్లకు దగ్గరగా ఉండాలని విశాఖపట్నం వచ్చిన ఆయన, ఈ 1987 జూన్ ముప్పయ్యవ తేదీన విరమణ చేస్తున్నారు. పదిహేడేళ్లూ పక్కగదిలో ఎక్స్‌రే యంత్రం నడిపినవాణ్ణి కనుక ఈ సంచికకు అభినందన వ్యాసం రాసే భాగ్యం నాకు దక్కింది. నాలుగు మంచి మాటలు రాస్తే చాలన్నారు. రాస్తాను. కాని ఆయన సర్వీసు పుస్తకంలో మనం అంటించిన మందలింపు మెమో ఒకటి నేటికీ అలాగే ఉంది. దాన్ని తీయించకుండా ఆయనకు పూలదండ వేయడానికి మొన్నమొన్నటి దాకా నాకు సిగ్గుగా ఉండేది, కోపంగానూ ఉండేది.

ఆయన చేరేనాటికి ప్రయోగశాల అంటే కిటికీ పక్కన ఒక బల్ల, ఒంటికంటి మైక్రోస్కోపు, రెండు రంగుల సీసాలు. కఫాన్ని గాజుపలక మీద పూసి, ఎర్రరంగు పోసి వేడిచేసి, ఆమ్లంతో కడిగి, నీలిరంగు అద్దితే, ఆ నీలం మధ్య సన్నని ఎర్ర పుల్లల్లా క్షయ క్రిములు కనబడేవి. మైక్రోస్కోపు కింది అద్దం మీద ఎండ పడితేనే చూపు. మబ్బు పట్టిందంటే పని ఆగేది. ఇటు నా గదిలో యంత్రానికి మాత్రం రాజభోగం. "ఫోటో ఉండగా ఉమ్మితో పనేమిటి?" అనేవారు అప్పటి సూపరింటెండెంటు గారు. ఫోటోలో నీడ పడుతుంది గాని, ఆ నీడ క్రిమి వల్లనో, రేవులో పీల్చిన ధూళి వల్లనో, ఎప్పుడో మానిన పుండు వల్లనో ఫోటో చెప్పదు. కొన్నిసార్లు జబ్బున్నా నీడే పడదు. ఆ సంగతి ఫోటోలు తీసేవాణ్ణి కనుక నాకు తెలుసు. తెలిసి నోరు మెదపలేదు. రాజు గారు మాత్రం ప్రతి సమావేశంలోనూ లేచి చెప్పేవారు, ప్రతిసారీ కూర్చోమనిపించుకునేవారు.

1978లో ఫిషింగ్ హార్బరు దగ్గర ఎండుచేపల పని చేసుకునే అసిరమ్మ దగ్గుతో మన దగ్గరికి వచ్చింది. ఆమెకు అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట నిప్పు నోటి లోపల పెట్టుకుని కాల్చేది. ఇంకేముంది, డాక్టరు గారు ముఖమైనా చూడకుండా పొగాకు దగ్గు అని రాసేశారు. నేను తీసిన చిన్న ఫిల్ములో ఏమీ తేలలేదు. మూడుసార్లు కఫం ఇచ్చింది. మూడుసార్లూ రాజు గారు పరీక్షించి "క్రిములు లేవు" అని చెప్పారు, నేను రిజిస్టరులో ఎక్కించాను. నాలుగు నెలల తరువాత ఆమె సగమై మళ్లీ వచ్చింది. అప్పుడు రాజు గారు ఆమెను బల్ల ఎదుట కూర్చోబెట్టి, ఇల్లు కదిలే ముందు ఏమేం చేసి వస్తావని అడిగారు.

"డాట్రుబాబు కాడికి వత్తన్నాను గదా బాబూ, నోరు కంపు కొడితే బాగుంటాదేటి? తెల్లారగట్ల లెగిసి, గొంతులో ఉన్నదంతా దగ్గీసి ఉమ్మీసి, ఉప్పునీలతో శుబ్బరంగా కడుక్కునే వచ్చినాను," అంది.

జబ్బంతా ఇంటి వాకిట్లో ఉమ్మేసి, మర్యాద కొద్దీ మనకు శుభ్రమైన లాలాజలం తెచ్చి ఇచ్చింది ఆ తల్లి. మనవాళ్లు చాలామంది చేసేది అదే. ఉదయం పదకొండింటికి డబ్బీ చేతికిచ్చి ఉమ్మమనే మనకు ఆ మాట ఎన్నేళ్లయినా తట్టలేదు. రాజు గారు అప్పటికప్పుడు ఆమె చేతికొక డబ్బీ ఇచ్చి, మర్నాడు పడవలు ఒడ్డుకు చేరకముందే స్వయంగా ఆమె ఇంటికి వెళ్లి, నోరు కడగకముందు వచ్చిన తొలి దగ్గు కఫం పట్టుకొచ్చారు. ఆ పలక నేనూ చూశాను. ఎక్కడ చూసినా ఎర్రటి క్రిములే.

దానికి మనం ఇచ్చిన బహుమానం వినండి. డాక్టరు ఉత్తర్వు లేకుండా తెచ్చిన కఫం కఫమే కాదన్నారు సూపరింటెండెంటు గారు. ఆ ఫలితాన్ని రిజిస్టరులో రాయొద్దన్నారు. మళ్లీ ఎక్స్‌రే తీసి, నీడ కనబడితే అప్పుడు మందులన్నారు. నా యంత్రం ఆ వారమే చెడిపోయింది. బాగుచేసే మనిషి రావడానికి అయిదు వారాలు పట్టింది. అసిరమ్మ నాలుగో వారంలో చనిపోయింది. వేరే ఆస్పత్రిలో ఫోటో తీయించుకోమని ఒక చీటీ రాయించి ఉండవచ్చు నేను. రాయించలేదు. మరుసటి నెల రాజు గారికి మెమో వచ్చింది: అనుమతి లేకుండా అసిరమ్మ అను క్షయ రోగి ఇంటికి వెళ్లినందుకు, చికిత్సాలయపు డబ్బీ బయటికి ఇచ్చినందుకు. ఆయన పదోన్నతి అక్కడితో ఆగిపోయింది.

ఆయన ఆగలేదు. ఆ రోజు నుంచి ప్రతి రోగికీ సాయంత్రమే డబ్బీ ఇచ్చి, పొద్దున్న లేవగానే వచ్చే తొలి దగ్గు పట్టి తెమ్మనేవారు. గాజువాక నుంచి వచ్చే కూలీలకు బస్సులో మూత ఊడకుండా గుడ్డతో కట్టి ఇచ్చేవారు. దొరక్కుండా తప్పించుకున్న జబ్బు దొరకసాగింది. 1982లో క్షయ క్రిమిని కనుగొని నూరేళ్లయిన సందర్భంగా జరిపిన సదస్సులో అదే సూపరింటెండెంటు గారు ఈ పద్ధతిని తమ పథకంగా చదివి శాలువా కప్పించుకున్నారు. సొమ్మొకడిది, సోకొకడిది. రాజు గారు వెనక వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టారు, నేను కొట్టలేదు.

ఆయన కోపిష్ఠి అనుకోకండి. 1984లో కఫం నుంచి క్రిములను పెంచి చూసే పద్ధతి మనకు వచ్చింది. ఆ పెంపకానికి కోడిగుడ్ల సొనతో మేత తయారుచేయాలి. ఆస్పత్రి వంటశాల నుంచి ఇన్ని గుడ్లు ఎవరు తింటున్నారో సంజాయిషీ ఇవ్వమని స్టోర్సు వారు రాశారు. "గుడ్లు తింటున్నది క్షయ క్రిములు. ఎనిమిది వారాల్లో వాటిని సాక్ష్యానికి హాజరుపరచగలను," అని రాజు గారు బదులు రాశారు. వాళ్లు మళ్లీ ఉత్తరం రాయలేదు. ఆ మరుసటి ఏడు చీకట్లో క్రిములు పసుపు వెలుగుతో మెరిసే కొత్త మైక్రోస్కోపు వచ్చింది. కొత్తగా చేరినవారు అబ్బురపడితే, "డబ్బీలో నీల్లుంటే ఇదీ నీల్లే సూపిత్తాది నాయనా," అనేవారు.

గత మాసం మెమో తొలగింపుకు అర్జీ రాసి సంతకానికి ఆయన ముందు పెట్టాను. చదివి, మడిచి నా జేబులో పెట్టారు.

"అదలాగే ఉండనీ, అర్జునరావ్. మన రిజిస్టర్లో ఆవిడ పేరుకెదురుగా క్రిములు లేవనే ఉంది. పోయినవాళ్ల లెక్కలోనూ లేదు. అసిరమ్మకి క్షయ ఉన్నట్టు రాసున్న ఆఫీసు కాయితం అదొక్కటే. అదీ సింపేస్తే ఆవిడ పొగాకుతోనే పోయినట్టవుతాది."

తొమ్మిదేళ్లుగా ఆయన పరువు కోసమని నేను చెరిపేయాలని తిరిగింది ఆ కాగితాన్ని.

రాజు గారూ, అర్జీ చించేశాను. మీరూ, శ్రీమతి గంగాభవాని గారూ సంపూర్ణ ఆరోగ్యంతో, మనుమల మధ్య, నిండు నూరేళ్లు జీవించాలని ఈ చికిత్సాలయం సిబ్బంది అందరి తరఫునా కోరుకుంటున్నాను. అసిరమ్మను ముప్పై నాలుగేళ్లకు మించి బతికించలేకపోయిన చేతులతోనే ఈ శుభాకాంక్షలు రాస్తున్నాను, క్షమించి స్వీకరించండి.

– అర్జునరావు, ఎక్స్‌రే విభాగం