జగ్గమ్మ లాలపోసిన ఆఖరి గుంట

నేను ఇంతవరకూ ఏదీ రాయలేదు. ఊరికి ఉత్తరాలు కూడా మా ఆయనే రాసేవారు. కలకత్తా గార్డెన్ రీచ్‌లో మన తెలుగు కూలీల లైన్ల బడిలో ఐదు వరకే చదివాను, తప్పులుంటే సర్దుకుని చదవండి. మా అమ్మ జగ్గమ్మ పోయి పదిహేనేళ్ళయింది. ఒకప్పుడు లైన్లలో పసిపిల్లలందరికీ లాలపోసేది. ఒక పిల్ల తల పాడయ్యాక అందరూ పిలవడం మానేశారు. ఆ పిల్ల తల్లి అప్పమ్మ పిన్ని. మొన్న సాయంత్రం ఆవిడ గుమ్మంలో కూర్చుని ఇద్దరం చింతపండు గింజలు తీస్తున్నాం. పక్కింట్లో చంటిదానికి నీళ్ళు పోస్తున్నట్టున్నారు, ఒకటే ఏడుపు. “మా అమ్మ పోస్తే ఏడ్చేవారు కాదట కదా పిన్నీ” అన్నాను. ఆవిడ ఎలా అందో అలాగే రాస్తున్నాను.

ఏడవడమేటి, నిద్దరోయీవోరు. మీ యమ్మ పీట మీద కూకుని, కాళ్ళు సాపుకుని, పసిగుంటని ఆ కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని నూనె రాసీది. ఆ సేతులు సూడాలి నువ్వు. పెద్ద సేతులు, మగోడి సేతుల్లాగ. అరిసేత్తో తల సుట్టూ ఇలగ, ఇలగ, కుమ్మరోడు పచ్చికుండ సవరించినట్టు. ముక్కు లాగడం, గెడ్డం నొక్కడం. నీ ముక్కూ ఆవిడ లాగిందే, నేకపోతే మీ అయ్య ముక్కొచ్చును నీకు. నవ్వకు. నీళ్ళు మోచేత్తో సూసుకుంటే గానీ పోసీది కాదు. ఆనక సాంబ్రాణి. బెంగాలోళ్ళు కూడా పిలిసీవోరు, “ఓ జొగ్గూ మాసీ, ఏక్‌బార్ ఎసో నా” ఒక్కసారి రావూ అని బతిమాలుకుంటా. ఎల్లి పోసీది. వాళ్ళు టీ ఇస్తే తాగీది, మరేటీ ముట్టీది కాదు. నానేటి సెప్తన్నాను? ఆఁ, నా గుంట.

రామమ్మ. నీకు గుర్తుండాలి, పదిహేనేళ్ళ పిల్లవి నువ్వప్పుడు. నాకు ముప్పై రెండు. రెండు కడుపులు పోయినాక నిలిసిన కడుపు. మా అత్త అమ్మన్నమ్మ నీకు తెలుసు కదా, నోరు మంచిది కాదు. “ఇది కూడా నిలవకపోతే మావోడికి ఊర్లో పిల్ల ఉన్నాది” అని నా ముందరే అనీది. మా ఆయన, గవరయ్య, ఏటీ అనీవోడు కాదు. ఓడల డాకులో మూటలు మోసొచ్చి గోడకేసి తిరిగి పడుకునీవోడు. శ్రావణంలో గుంట పుట్టింది. ఎంత బాగున్నాదనుకున్నావు. పాలు తాగీది, ఏడిసీది, ఏలు ఎడితే గట్టిగా పట్టుకునీది. మూడో రోజు నించీ మీ యమ్మే లాలపోసింది. నెల దాటినాక తల పెరగడం మొదలెట్టింది. ఒళ్ళు అలాగే ఉన్నాది, తలొక్కటే పెరుగుతన్నాది. కళ్ళు కిందకి దిగిపోయినాయి, పొద్దుగుంకీ సూర్యుళ్ళాగ. మా అత్త అంది, “ఆ జగ్గి నొక్కీసింది. పిండిముద్దలాటి తల, నొక్కి నొక్కి పాడుజేసీసింది.” ఒక్కసారే అంది. లైన్లలో ఒక్కసారంటే సాలు కాదేటి.

నానూ మా ఆయనా పెద్దాసుపత్రికి అట్టుకెల్లినాం. ఆ రోజు ఎర్రజెండాలోళ్ళ మిచిల్, ఊరేగింపు, దేనికో మరి, ఎప్పుడూ ఏదోటి ఉండీది కదా. ధర్మతల్లా కాడ బస్సాగిపోయింది. గుంటని కొంగు కింద ఎట్టుకుని మూడు గంటలు కూకున్నాను. బస్సులో ఒక బాబు గుంట తల సూసి సీటు మారిపోయినాడు. ఆసుపత్రికెల్తే అక్కడ లోడ్ షెడ్డింగు. డాక్టరు కుర్రోడే, కళ్ళజోడు. కిటికీ మూసి, టార్చి తీసి గుంట తల ఎనకాల ఎట్టినాడు. ఏటి సెప్పను తల్లీ. తలంతా ఎలిగిపోయింది. కోడిగుడ్డు దీపానికి ఎట్టి సూస్తాం సూడు, అలగ. ఎర్రగా, పల్సగా, తాటిముంజులో నీళ్ళలాగ, లోపలేటీ నేదు. గవరయ్య బయటికెల్లిపోయినాడు. నానొక్కర్తినే మిగిలినాను. డాక్టరు బెంగాలీలో నెమ్మదిగానే సెప్పినాడు పాపం. మెదడుండాల్సిన సోట నీళ్ళున్నాయంట. పుట్టకముందే, మూడో నెల్లోనో నాలుగో నెల్లోనో అలగైపోయిందంట. ఏలమందిలో ఒకరికొస్తాదంట. “కారుర్ దోష్ నోయ్ దీదీ,” ఎవులి తప్పూ కాదు, అని రెండుసార్లన్నాడు. సూపు రాదు, మాట రాదు, నిన్ను పోల్చుకోదు. తలలోంచి కడుపులోకి గొట్టం ఏస్తే నీళ్ళు దిగుతాయి, తల పెరగదు, నువ్వెత్తుకోడానికి వీలుగా ఉంటాది, అంతే, మెదడు రాదు అన్నాడు. ఎన్నాళ్ళు బాబూ అన్నాను. నెలలు, ఏడాదంటే ఎక్కువ, అని కళ్ళజోడు తీసి తుడుసుకున్నాడు.

మూడో నెలన్నాడా, నాను సేతేళ్ళ మీద లెక్కెట్టుకున్నాను. మాఘమాసం అమాస. ఆ ఏడు పెద్ద సూర్యగ్రహణం పట్టింది, పట్టపగలు మసకైపోయింది. మా అత్త “కదలకు, మంచం దిగకు” అని సెప్పి మరీ ఎల్లింది. నాను మంచం దిగి భవానీపూరు బాబుగారింటికి గిన్నెలు తోమడానికి ఎల్లిపోయినాను, నాగా ఎడితే మాన్పించీస్తారని. అక్కడ వంకాయలు కూడా తరిగినాను. డాక్టరు ఎవులి తప్పూ కాదన్నాడు. నాకు తెలుసు ఎవులిదో. బయట గవరయ్య బీడీ కాలుస్తన్నాడు, “ఏటన్నాడే” అన్నాడు. ఆడికి డాకు బెంగాలీయే గాని ఇలాటి మాటలు రావు. “తలకేదో వొత్తిడి తగిలిందంట” అన్నాను. అంతే అన్నాను. మీ యమ్మ పేరెత్తనేదు. ఎత్తక్కర్నేదు కదా.

గొట్టం ఏసినారు. తల ఆగింది. ఫిట్సుకి మందు పాలల్లో నూరి పట్టీదాన్ని. నానెత్తుకుంటే ఏడుపాపీదనే అనుకునీదాన్ని, డాక్టరు కాదన్నా. పదకొండు నెలలు. వానల్లో జొరమొచ్చింది, రెండ్రోజులు. ఈలోగా మీ యమ్మ దారంట ఎల్తంటే బాలింతరాళ్ళు గుంటల తల మీద కొంగు కప్పీసుకునీవోరు. గుంటని పూడ్సి ఒచ్చిన మూడోనాడు మీ యమ్మొచ్చింది. లోపలికి రానేదు. అదిగో, అక్కడే నిలబడింది, సేతులు రెండూ కొంగులో ఎట్టుకుని. “అప్పా, డాక్టరేటన్నాడే. నా సెయ్యేనా” అని అడిగింది. లోపల మా అత్త బియ్యం ఏరుతన్నాది. “నాకు బెంగాలీ ఏటొచ్చక్కా” అన్నాను. పదేళ్ళు బెంగాలోళ్ళ ఇంట్లో పన్జేసినదాన్ని. మీ యమ్మకి తెలీదేటి. నా మొకం సూసింది. తలూపింది. ఎల్లిపోయింది. మరింకెప్పుడూ అడగనేదు.

మీ ఎంకటేశు పుట్టినప్పుడు మీ యమ్మ ఎత్తుకోనేదని ఏడిసినావు కదేటి. నా దగ్గరే ఏడిసినావు, “మా యమ్మకి నా కొడుకంటే పడదు పిన్నీ” అని. “ముసిల్దాని బుద్ధి, పోనిద్దూ” అన్నాను నాను. అప్పుడు సెప్పాల్సింది. మా అప్పలసూరి పుట్టినాడు, ఆడు బాగానే పుట్టినాడు, అప్పుడైనా సెప్పొచ్చును. మా అత్త పోయినాక కూడా మీ యమ్మ ఆరేళ్ళున్నాది. రోజూ ఎదురొచ్చీది. సెప్దారనే నోరు తెరిసీదాన్ని, “కూరేటి ఒండినావక్కా” అనీదాన్ని. అదిగో, ఆ తొనలో గింజుండిపోయింది, సూసి తియ్యి. పులుసులో పడితే పళ్ళూడిపోతాయి.

పిన్ని చూపించిన గింజ తీశాను. మా అమ్మ నా బిడ్డని ముట్టుకోలేదని పదేళ్ళు ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు నేను, పోయేరోజు దాకా. చింతపండు డబ్బాకెత్తి ఇంటికొచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే కుళాయి దగ్గరికి వెళ్ళాను. బాల్చీల వరసలో ఎనిమిది మంది ఉన్నారు. నలుగురిలో నోరు విప్పే మనిషిని కాను నేను, బస్సులో టికెట్టు అడగడానికే గొంతు రాదు. “అప్పమ్మ పిన్ని గుంట తల మా అమ్మ చేతుల వల్ల పాడవలేదు. కడుపులోనే అలా అయిందని డాక్టరు అప్పుడే చెప్పాడట” అన్నాను. ఎవరూ తిరగలేదు. ఇంకోసారి అన్నాను, కాస్త గట్టిగా. పున్నమ్మ, నా యీడుదే, “ఏ గుంటే? ఎప్పటి మాటే ఇది?” అంది. “ఎవులికి గుర్తుందే ఇప్పుడవన్నీ” అని ఇంకొకామె నవ్వింది. నా వంతొచ్చింది. వెనకామెని నీళ్ళు పట్టుకోమని బాల్చీ పక్కకి జరిపి, మొదటినుంచీ చెప్పాను.