ఇనాయత్ చెవి కట్టె

ఆ పేరు నీకెవరు చెప్పిన్రు? మీ తాత రామ్‌కిషన్ చెయ్యి ఇనాయత్ అనే పిచ్చోడు కాల్చిండని మీ ఇంట్ల చెప్తరు, ఎర్కే నాకు. మరి అంత తెల్సినంక నా కాడికెందుకొచ్చినవ్? ఊకెనే అడుగుతున్నవా, ఎవరన్న పంపిన్రా? సరే, కూసో.

పత్తిల గింజలు తీసే జిన్ను మిల్లుల మిషన్లకు నూనె పోసెటోడు ఇనాయత్. ఆయన కిందనే నేను పని నేర్సిన. ఒక్క ఇంజను, ఒక్క పొడుగు షాఫ్టు, పన్నెండు జిన్నులు అదే తిప్పుతుండె. బేరింగుల నూనె తక్కువైతె ఇనుము కాల్తది, పక్కకే పత్తి. అందుకని ఆయన మూరెడు టేకు కట్టె ఒక కొస బేరింగు మీద పెట్టి, ఇంకో కొస చెవికి ఆనిచ్చి, కండ్లు మూసుకుని వింటుండె. 'మహాదేవ్, ఐదోదానికి దూపైతుంది, జర పొయ్' అని నాతోని అనెటోడు. ఎన్నడు తప్పు కాలె. మా మేస్త్రి రేవణసిద్ధప్ప, చిరాగ్‌పల్లాయన, కొత్తోళ్లు వస్తె పిలిచి మరీ సూపిచ్చెటోడు, 'ఇది డాక్టరు చెవి' అని.

అరవై ఒకటి వానకాలంల ఇనాయత్‌కు మనసు చెడిపోయింది. గోడల్లకెల్లి ఎవరో పిలుస్తున్నరని అన్నం ముట్టలె. భార్య షరీఫా పట్నం దవాఖానకు తీస్కపోయి నాలుగు నెలలకు తోల్కొచ్చింది. మంచిగనే ఉండె. గోలీలకు చేతులు జర వణుకుతుండె, అంతే. పని చేసుకోవచ్చని డాక్టరు చిట్టి కూడ ఇచ్చిండు. మేము సూడలేదా ఆ చిట్టి? సూసినం. అయినా ఆయన బీడీకి ఎవ్వడు నిప్పియ్యలె. రొట్టె మూట ఇప్పుకుని కూసుంటె ఒక్కొక్కడు నీళ్లకని లేస్తుండె. మీ తాతనే అన్నడు, కోపం చేసుకోకు, 'వాడు బెల్టు కాడుంటె జిన్నుల చెయ్యి పెట్టకున్రి, ఎప్పుడేం బుద్ధి పుడ్తదో' అని. నేనా? నేను నవ్విన. అందరు నవ్విన్రు గద.

ఇగ కట్టె చెవికి పెట్టిండంటె అయిపాయె. 'ఏమంటుంది ఇనాయత్ భాయ్ ఇనుము? ఇంట్ల అందరు మంచిగున్నరా?' ఎప్పటి కట్టెనే, ఎప్పటి పనే. మేస్త్రి గుంజుకుని గూట్ల పడేసిండు. వారం కాలే, ఇనాయత్ బేరింగు మీద ఉత్త చెయ్యి పెట్టి సూసి వచ్చిండు. 'ఐదోది పోతది మేస్త్రీ, బంద్ పెట్టున్రి' అన్నడు. 'గోడ చెప్పిందా?' అన్నడు మేస్త్రి.

పగటిపూట అందరు తినవోయినంక నేను కట్టె తీసి చెవికి పెట్టిన. విన్న. ఇసుక నమిలినట్టు గరగర. ఎన్క తిరిగి సూస్తె తలుపు కాడ ఇనాయత్. నేను కట్టె మళ్ల గూట్లనే పెట్టిన. చెప్తె నాక్కూడ ఆ పిచ్చి అంటిందంటరు గద.

తెల్లారి ఐదోది కాలి పత్తి అంటుకున్నది. మంటల్లకెల్లి పత్తి లాగవోతె మీ తాత చెయ్యి మోచేతి దాంక కాలింది. మిల్లు మాలిక్ సేఠ్ అందరిని నిలవెట్టి అడిగిండు. మేస్త్రి అన్నడు, 'వాడు నిన్ననే ఐదోదన్నడు సేఠ్, ముందుగాల ఎట్ల తెల్సింది వానికి?' అందరు ఔనన్నరు. ఇనాయత్ ఎవరి దిక్కు సూడలె, నా దిక్కు సూసిండు. నేను, 'నాకేం ఎర్క లేదు సేఠ్ సాబ్' అన్న. ఆ పూటనే ఎల్లగొట్టిన్రు. షరీఫా వచ్చి చెయ్యి పట్టుకుని తోల్కపోయింది. న్యాల్‌కల్ దిక్కు పోయిన్రన్నరు. నేను అడగలె.

కట్టెనా? గూట్లకెల్లి తెచ్చి ఆ ఎన్క తలుపుకు గడియ లెక్క పెట్టిన గద, అదే. ముట్టకు. చాయ్ సల్లారుతుంది, తాగు.