సోరెల్ వాగు రెండు పాయలూ, ఓపల్ స్టిడమ్ గారూ

1989 మార్చి 6, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు శ్రీమతి ఓపల్ స్టిడమ్ గారు సోరెల్ వాగు పరివాహక సంరక్షణ సంఘంలో టైపిస్టుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ఆనాటికి సంఘానికి ఉన్న స్థిరచరాస్తులన్నీ కలిపి చర్చి నేలమాళిగలో ఒక గది, ఒక కాలు పొట్టిదైన బల్ల, ఒక అక్షరం ఎంత కొట్టినా పడని టైపు మిషను మాత్రమే. ముప్ఫై నాలుగేళ్లకు పైగా నిరంతరాయంగా సేవలందించి, ఈ నెల 31వ తేదీన వారు పదవీ విరమణ చేయనున్న శుభ సందర్భంలో, పంతొమ్మిదేళ్లుగా వారి పక్క బల్ల దగ్గర కూర్చుని పటాలు గీస్తున్న ఈ వ్యాసకర్తకు నాలుగు మాటలు రాసే భాగ్యం దక్కింది. ఈ అభినందన సంచికలోని మిగతా వ్యాసాలన్నీ అచ్చుకు వెళ్లిపోయినా ఇది ఒక్కటే ఆలస్యమైంది. ఎలా రాయాలో తోచకపోవడమే అందుకు కారణం.

టైపిస్టుగా చేరిన ఓపల్ గారు ఏడాది తిరగకుండానే బల్ల వదిలి వాగులో దిగారు. పాత బొగ్గు గనుల నుంచి ఊరే నీరు ఏ ఇంటి ఊటలో కలుస్తోందో, ఎవరి బావి మంచిదో ఎవరిది కాదో ఈ లోయలో ఎవరికీ రూఢిగా తెలియని రోజులవి. ప్రతి నెలా మొదటి శనివారం లోయవారిని ఇంటిల్లిపాదినీ వాగు దగ్గరకు రప్పించి, పాంట్లు మోకాళ్ల దాకా మడిపించి, కాళ్లతో రాళ్లు కదిలిస్తూ కిందికి కొట్టుకొచ్చే పురుగులను వలలో పట్టించి లెక్కపెట్టించేవారు. నీరు శుభ్రంగా ఉంటేనే రాళ్ల కింది చిన్న పురుగు బతుకుతుంది, చెడితే ముందు చచ్చేది అదేనన్న సత్యాన్ని ఈ లోయలోని మూడు తరాలకు నేర్పిన గురువు ఆమె. శాస్త్రాన్ని సామాన్యుల చేతుల్లో పెట్టిన ఆ కృషి ఫలితంగానే 2004లో ఎగువ గని నోటికి అడ్డుకట్ట పడింది, 2011లో పాఠశాలకు మంచినీటి గొట్టం వచ్చింది. పాఠం అయ్యాక అందరికీ ఉడికించిన బీన్స్, మొక్కజొన్న రొట్టె పెట్టేవారు. రొట్టె కోసమే వచ్చినవారు కూడా పురుగుల పేర్లు నేర్చుకుని వెళ్లారని చెప్పుకోవడం మాకు గర్వకారణం.

ఇంతవరకు రాయడం సులువే. ఇక్కడి నుంచే ఈ వ్యాసకర్త తికమక మొదలవుతుంది. అభినందన వ్యాసంలో తప్పుల ప్రస్తావన ఉండవచ్చునా అని పెద్దలను అడిగితే వద్దన్నారు. ఓపల్ గారినే అడిగితే, "రాస్తే అది రాయి. అది లేకుండా రాసేట్టయితే నా పేరు మీద ఏమీ రాయకు" అని ఖరాఖండిగా చెప్పారు. కనుక రాయక తప్పడం లేదు.

చర్చి దిగువన సోరెల్ వాగు రెండు పాయలూ కలిసి ఒకటవుతాయి. లోయవాసుల తాతముత్తాతలు వాగు వెంట పైకి నడుస్తూ వచ్చి కాపురాలు పెట్టినవారు కనుక, పైకి పోతుంటే ఎడమ చేతివైపు వచ్చేదాన్ని ఎడమ పాయ అనీ, కుడి చేతివైపు వచ్చేదాన్ని కుడి పాయ అనీ పేర్లు పెట్టుకున్నారు. 2016లో ఓపల్ గారు రాష్ట్ర రాజధానిలో నీటి పరీక్షల మీద మూడు రోజుల శిక్షణకు వెళ్లి వచ్చారు. నీరు పోయే దిశకు ముఖం పెట్టి నిలబడి కుడి ఎడమలు చెప్పాలన్నది అక్కడి నియమం. అంటే లోయవారి కుడి పాయ, పరీక్షకు నీళ్లతో పాటు పంపే రాష్ట్రం ఫారంలో ఎడమ పాయ అవుతుంది. తిరిగి వచ్చిన వారమే ఆమె చర్చి నేలమాళిగలో అందరికీ ఈ కొత్త నియమం బోధించారు.

ఎడమ పాయ మీద మొదటి ఇల్లు ఓర్లీనా గెవడన్ గారిది. అప్పటికే డెబ్బై అయిదేళ్లు దాటిన ఆమె చేయి ఎత్తారు.

"అంటే ఏమ్మాయ్ ఓపల్, మా తాత ఇన్నాళ్లూ వెనక్కి నడిచాడంటావా?"

"అయ్యో, అదేం లేదు పిన్నీ. ఇదంతా ఫారం కోసమే."

"ఆ ఫారం ఎప్పుడైనా ఈ లోయలో నాలుగడుగులు నడిచిందా తల్లీ?"

అందరూ నవ్వారు. ఓపల్ గారూ నవ్వారు. పదిమంది ఎదుట ఎదుటి మనిషి మాటను తప్పుపట్టకూడదన్నది ఈ లోయ మర్యాద. అందుకే ఆ నవ్వుతోనే విషయం ముగిసింది. ఎవరు పాత పద్ధతిలో రాస్తారో, ఎవరు కొత్త పద్ధతిలో రాస్తారో ఎవరూ ఎవరినీ అడగలేదు.

రెండు పాయల నీళ్లూ సీసాల్లో పట్టి, చీటీ అంటించి, చర్చి ఐస్‌పెట్టెలో పెట్టే పని డెల్మర్ హెన్స్‌లీ గారిది. ఆయన ముప్ఫై ఏళ్లు గనిలో పనిచేసిన మనిషి. ఇల్లు కుడి పాయ మీద. ఓపల్ గారిని లోయ మర్యాద ప్రకారం "మిస్ ఓపల్" అంటారు, ఆమె మాట జవదాటరు. తాత పెట్టిన పేరు మార్చడం మనసుకు కష్టమైనా, ఆమె చెప్పిన నాటి నుంచి తన సొంత పాయ నీళ్ల మీద "ఎడమ" అని రాయడం మొదలుపెట్టారు. ఓపల్ గారేమో, 'పాపం డెల్మర్ ఈ వయసులో తాత మాట ఎక్కడ మార్చుకుంటాడు, పాత పేరే రాసి ఉంటాడు' అనుకున్నారు. ఆ సంగతి అడిగితే ఆయన చిన్నబుచ్చుకుంటాడని, చీటీ మీద "ఎడమ" అని ఉన్నదాన్ని ఫారంలో "కుడి"గా, "కుడి" అని ఉన్నదాన్ని "ఎడమ"గా స్వయంగా తిప్పి రాశారు. ఆమె కోసం ఆయన ఒకసారి తిప్పారు, ఆయన కోసం ఆమె మళ్లీ తిప్పారు. పరీక్ష ఫలితాలు వచ్చాక ఆ ఫారం చూసి ఈ వ్యాసకర్త మంచి నీళ్లకు ఆకుపచ్చ, చెడ్డ నీళ్లకు ఎరుపు వేసి పటం గీశాడు. గని ఊట కలిసిన ఓర్లీనా గారి పాయకు ఆకుపచ్చ రంగు, నిక్షేపంలాంటి డెల్మర్ గారి పాయకు ఎరుపు రంగు పడ్డాయి. ఆ పటం ఆరేళ్లపాటు చర్చిలో, బడిలో, కిరాణా దుకాణంలో వేలాడింది.

అనుమానం రాలేదని చెప్పలేము. ఎరుపు పాయలో ప్రతి వసంతంలోనూ వలనిండా పురుగులు పడుతుంటే, ఓపల్ గారు కళ్లజోడు తుడుచుకుని, "మళ్లీ లెక్కపెట్టండి, ఎక్కడో పొరపాటు పడ్డాం" అనేవారు. ఆకుపచ్చ పాయ దగ్గర ఓర్లీనా గారి దుప్పట్లు తెల్లగా ఉతికినా టీ రంగుకు తిరుగుతుంటే, సబ్బు మార్చి చూడమన్నారు. పురుగు ఒకటి చెబుతుంటే కాగితం ఇంకొకటి చెబుతోందని ఆమె ఎన్నో సాయంత్రాలు ఈ బల్లల మధ్య అటూ ఇటూ నడుస్తూ తల పట్టుకున్నారు. చివరికి ప్రతిసారీ కాగితాన్నే నమ్మారు. మేమూ అదే నమ్మాం.

2022 అక్టోబరులో ఐస్‌పెట్టె పాడై, సీసాలు నేరుగా తీసుకోవడానికి ఓపల్ గారు పాయలు కలిసే చోటికి వెళ్లారు. ఈ వ్యాసకర్త వెంట ఉన్నాడు. తన ఇంటివైపు నుంచి వచ్చే నీళ్లు సీసాలో పట్టి డెల్మర్ గారు చీటీ మీద "ఎడమ" అని రాయడం ఆమె కళ్లారా చూశారు.

"డెల్మర్, ఇది కుడి పాయ కదా?"

"మా తాతకి కుడి, మీకు ఎడమ. నీళ్లు పోయే వైపు తిరిగి నిలబడమని మీరేగా చెప్పారు, మిస్ ఓపల్?"

"ఎప్పటినుంచి ఇలా రాస్తున్నావు?"

"మీరు చెప్పిన రోజు నుంచి. ఏం, తప్పా?"

ఓపల్ గారు మోకాలి లోతు నీళ్లలోకి దిగారు. ఎగువకు తిరిగి రెండు చేతులూ చాచారు. దిగువకు తిరిగి మళ్లీ చాచారు. అలా ఎన్నిసార్లు తిరిగారో లెక్కలేదు. చూస్తున్న ఈ వ్యాసకర్తకు కూడా కాసేపు ఏది ఏ చెయ్యో అర్థం కాకుండా పోయింది. డెల్మర్ గారు మొదట నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"అయితే మా ఇంటి నీళ్లు..." అన్నారు.

"మంచివే, డెల్మర్. ఎప్పుడూ మంచివే."

"మరి మా అమ్మ?"

ఆయన తల్లి జెరూషా గారు 2019 ఫిబ్రవరిలో కన్నుమూశారు. చివరి వారంలో ఆమె కోరింది ఒక్కటే, ఇంటి వెనక ఊట నుంచి ఒక గ్లాసెడు నీళ్లు. గోడ మీది పటంలో ఎరుపు రంగు చూసి డెల్మర్ గారు ఇవ్వలేదు, దుకాణం నుంచి మోసుకొచ్చిన నీళ్లే తాగించారు. "ఇవి డబ్బా కంపు కొడుతున్నాయిరా" అని ఆమె మొహం తిప్పుకున్నారట. ఆ సంగతి లోయలో అందరికీ తెలుసు. ఆ రోజు డెల్మర్ గారు సీసా గట్టు మీద పెట్టి ఇంటికి వెళ్లిపోయారు. మరుసటి నెల నుంచి సీసాలు తేవడం మానేశారు.

ఎవరికీ చెప్పకుండా కొత్త పటంలో రంగులు మార్చేస్తే సరిపోతుందని సంఘం పెద్దలు సలహా ఇచ్చారు. ఓపల్ గారు ఒప్పుకోలేదు. అదే నేలమాళిగలో, అదే జనం ఎదుట నిలబడి జరిగిందంతా చెప్పారు. ఆ తర్వాత ఓర్లీనా గారి పాయ మీది తొమ్మిది ఇళ్లకూ కాలినడకన వెళ్లి, ప్రతి గుమ్మంలోనూ మళ్లీ చెప్పి, నీళ్లు వడకట్టే యంత్రాలు పెట్టించేదాకా ఊరుకోలేదు. ఆరేళ్లు తాగిన ఆ నీటి వల్ల ఎవరికి ఏమైందో, అసలు ఏమైనా అయిందో లేదో డాక్టర్లు కూడా తేల్చి చెప్పలేకపోయారు. ఓర్లీనా గారు మాత్రం గుమ్మంలోనే కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"నా దుప్పట్లు ఆరేళ్లు మొత్తుకున్నాయి ఓపలూ. నేనూ వినలా, నువ్వూ వినలా. ఇప్పుడు ఏడిస్తే దుప్పట్లు తెల్లబడతాయా? లే, బీన్స్ తిని పో."

ఓపల్ గారు అక్కడే తిన్నారు, అక్కడే ఏడ్చారు. డెల్మర్ గారి ఇంటికి మూడుసార్లు వెళ్లారు. మూడుసార్లూ తలుపు తెరుచుకోలేదు.

ఈ మే 6వ తేదీ ఓపల్ గారి చివరి శనివారపు పాఠం. నలభై మందికి పైగా వచ్చారు. వలలో పురుగులు పడుతుండగా డెల్మర్ గారు గట్టు దిగి వచ్చారు. చేతిలో గాజు సీసా, ఒక రేకు గ్లాసు. ఏడు నెలల తర్వాత ఆయన ముఖం చూసిన ఓపల్ గారు చేతిలోని వల పక్కవారికి ఇచ్చారు. ఆయన గ్లాసు నిండా నీళ్లు పోసి చాచారు.

"మా ఊటవి. అమ్మ అడిగిన గ్లాసు ఇదే. మీరు తాగాలి."

అది క్షమించడమో, శిక్షించడమో ఆమెకు అర్థం కాలేదు. గట్టు మీద నిలబడ్డ మాకూ అర్థం కాలేదు. ఆమె గ్లాసు అందుకున్నారు.

"ఎటు తిరిగి తాగను, డెల్మర్?" అన్నారు.

"ఎటైనా తిరగండి మిస్ ఓపల్. నీళ్లు మా అమ్మవి."

ఆమె ఎగువకు, ఆ ఇంటివైపు తిరిగి, కళ్లు మూసుకుని చుక్క మిగలకుండా తాగారు. డెల్మర్ గారు ఖాళీ గ్లాసు తీసుకుని కాసేపు అందులోకే చూశారు. తర్వాత సీసా వంచి మళ్లీ నింపారు. ఆ రెండో గ్లాసు ఆయన తాగారు. జూన్ నెల సీసాలు ఎక్కడ పెట్టాలని వెళ్తూ వెళ్తూ అడిగారు.

ముప్ఫై నాలుగేళ్ల సేవను తూచే తూనిక ఈ వ్యాసకర్త దగ్గర లేదు. తన చేతి పటమే తప్పినవాడు ఇంకొకరి లెక్క ఏం చూడగలడు? తెలిసింది ఇంతే: కాగితం మీద ఎవరూ పట్టని తప్పును గుమ్మం గుమ్మానికీ మోసుకెళ్లి ఒప్పుకున్న మనిషి పక్కన కూర్చునే అదృష్టం తనకు దక్కింది. ఓపల్ స్టిడమ్ గారికి ఆరోగ్యం నిండుగా ఉండాలి, మోకాళ్లు గట్టిగా ఉండాలి. ప్రతి మొదటి శనివారం ఆమె మా మధ్య వాగులో నిలబడాలి, జెరూషా గారి ఊట నీళ్లు తాగుతూ నిండు నూరేళ్లు బతకాలి. ఆ నూరేళ్లూ గ్లాసు నింపే చేయి డెల్మర్ గారిదే కావాలి.