పాతర తెరిచాక ఆగమన్న హెప్సిబా గారు

1991 జూన్ 17, సోమవారం. హోసూరు రోడ్డు మీద బొమ్మసంద్ర దాటాక, మన దైవశాస్త్ర కళాశాల గేటు ముందు సిటీ బస్సు ఆగగా, చేత గొడుగు, భుజాన బరువైన సంచి, ముఖాన మాత్రం ఏ తొందరా లేని ఇరవై ఆరేళ్ళ ఉపాధ్యాయురాలు దిగారు. మొదటి గంటలోనే పాఠం ఉందని నాటి ప్రిన్సిపాల్ మోహన్‌కుమార్ గారు ఎదురువచ్చి గుర్తుచేస్తే, "పోతానండీ, తొందరేముండాది? వేల ఏండ్ల నాటి మాటలు, ఐదు నిమిషాలకు పాచిపోతాయా?" అని, వంటశాలలో కాఫీ తాగి మరీ తరగతికి వెళ్ళారట. అలా అడుగుపెట్టి, హెబ్రీ లేఖనాలను, అనగా మన పాత నిబంధనను, ముప్పై నాలుగేళ్ళు అవిచ్ఛిన్నంగా బోధించి, ఈ మే నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న ఆచార్య హెప్సిబా గారిని అభినందించే భాగ్యం, అదే కళాశాలలో కొత్త నిబంధన బోధించే నాకు లభించింది. నేను ఇంకా ఈ కళాశాలలో నిలబడి పాఠం చెబుతున్నానంటే దానికి కారణం ఆమె. ఆ సంగతి అందరి ఎదుటా చెప్పుకోవాలనే ఈ వ్యాసం రాయడానికి పోటీపడి ఒప్పుకున్నాను.

హెప్సిబా గారి పూర్వులు మడకశిర ప్రాంతపు రైతులు. తండ్రిగారు కరువుకాలంలో బెంగళూరు చేరి, కాటన్‌పేటలో బట్టల బేళ్ళు మోస్తూ నలుగురు బిడ్డలను చదివించారు. ఇంట్లో పెద్దదిక్కు నాయనమ్మ మునివెంకటమ్మ గారు. ఆమె నడివయసులో బాప్తిస్మం పొంది కూడా, "దేవునికి నా పేరు ముందే తెలుసు, ఇప్పుడు మారిస్తే తికమకపడతాడు" అని పాత పేరే ఉంచుకున్న మనిషి. ఆ నాయనమ్మ ఒడిలో విన్న ఒక కథే హెప్సిబా గారి పాండిత్యమంతటికీ పునాది అని, ఏ విశ్వవిద్యాలయం వారు అడిగినా ఆమె నిస్సంకోచంగా చెప్పేవారు.

ఆ కథ ఇది. వాళ్ళ ఊళ్ళో రాగులను పాతర వేసేవారు. భూమిలో లోతుగా గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, ధాన్యం పోసి, పైన మన్ను కప్పి మూసేవారు. వేసినవాళ్ళే తింటారని నమ్మకం లేదు. ఏ కరువులోనో, ఏ మనవళ్ళో తీసుకుంటారు. ఒక కరువు ఏట అలాంటి పాతర తెరిచారు. గింజ కనబడగానే ఆకలికి ఆగలేక మునివెంకటమ్మ గారి అన్న లోపలికి దూకాడు. మూసిన గోతిలో చెడుగాలి నిలిచి ఉంటుంది. దూకినవాడు దూకినట్టే పడిపోయాడు. తాళ్ళు వేసి పైకి లాగితే ఎంతసేపటికో కళ్ళు తెరిచాడు. "పాతర తెరిచినాక మూత పక్కన కూర్చోవాల. దీపం దించి చూడాల. దీపం ఆరిపోతే ఇంకా సల్పం సేపు ఆగాల. అన్నం కండ్ల ముందర ఉండాదని దూకితే, అన్నమే చంపుతుంది" అని ఆ ముసలమ్మ ముగించేవారట.

హెప్సిబా గారు తమ తరగతిలో ప్రతి ఏడూ తొలి పాఠంగా చెప్పింది ఇదే. పునరుత్థాన నిరీక్షణ హెబ్రీ లేఖనాల అడుగున ఉంది, నిస్సందేహంగా ఉంది; కాని మూత తీయగానే దూకరాదు. మృతులు దేవుణ్ణి స్తుతించలేరు కదా అని వాపోయిన కీర్తనకారుని చీకటిలో ముందు కూర్చోవాలి. కన్న కొడుకును బలిపీఠం దాకా నడిపించి, చచ్చినవాణ్ణి తిరిగి పొందినట్టుగా వెనక్కి తెచ్చుకున్న అబ్రాహాముతో కొండ ఎక్కి దిగాలి. బూడిదలో కూర్చుని, తన పక్షాన నిలిచేవాడు సజీవుడని పంతంగా పలికిన యోబు దగ్గర ఆగాలి. మూడో దినాన లేపుతాడని హోషేయ చెప్పినది ముందు దెబ్బతిన్న ఒక జాతి గురించేనని ఒప్పుకోవాలి. చేప కడుపులోనుంచి యోనా చేసిన ప్రార్థన వినాలి. మంచు కురిస్తే మన్ను తన మృతులను కంటుందన్న యెషయాను, ధూళిలో నిద్రించేవారు మేలుకొంటారని దాపరికం లేకుండా చెప్పిన దానియేలును చేరేసరికి విద్యార్థి దీపం నిలకడగా వెలుగుతూ ఉంటుంది. అప్పుడు తోటలోని ఖాళీ సమాధి వద్దకు దిగవచ్చు. ఇదీ ఆమె బోధనాక్రమం.

నా క్రమం వేరు. సృష్టి కథలో అడుగుపెట్టిన విద్యార్థిని అరగంటలో ఈస్టరు ఉదయానికి చేర్చేవాణ్ణి. ఆలస్యం అమృతం విషం అని నేనంటే, నిదానమే ప్రధానం అని ఆమె. "హేమంత్‌కుమార్ గారూ, బియ్యం ఇప్పుడే పొయ్యి మీద పెట్టి, అప్పుడే ఆకులేస్తారే" అని స్టాఫ్ రూములో అందరి ముందూ అనేవారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మీకందరికీ తెలుసు. అయినా ఆమె మీద అది పది నిమిషాలకు మించి నిలిచేది కాదు, ఎందుకంటే ఈలోగా ఆమె కాఫీ తెప్పించేవారు.

విభాగాధిపతిగా, విద్యార్థినుల వసతిగృహ పర్యవేక్షకురాలిగా, వేసవి శిబిరాల నిర్వాహకురాలిగా ఆమె నిర్వహించిన బాధ్యతలు అనేకం. వాటిని ప్రిన్సిపాల్ గారు సభలో వివరిస్తారు కనుక నేను వంటశాల దగ్గరికే వస్తాను. అక్కడి హనుమక్క మన మతస్థురాలు కాకపోయినా, కిటికీలోనుంచి పాఠాలు వింటూ కూరగాయలు తరిగేది. ఒకనాడు ఆమె, "చచ్చినోళ్ళంతా ఒక్క తూరే లేస్తే, అందరికీ రాగిముద్ద ఎవురమ్మా గెలికేది?" అని అడిగింది. హెప్సిబా గారు, "నిన్నే ముందు లేపుతారులే హనుమక్కా" అన్నారు. ఆమె నవ్వి, "అప్పుడూ నాకే పనా?" అని కత్తిపీట ముందుకు జరుపుకొంది. మన వేదాంతులలో ఆ ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు చెప్పినవారిని నేను ఎరగను.

ఇక నా సంగతి. 2018 ఆగస్టులో నా భార్య సుమ కన్నుమూసింది. రెండు వారాల జ్వరం, అంతే. పునరుత్థానాన్ని ఇరవై ఏళ్ళకు పైగా బోధించిన నాకు, ఆ మాట పలకడానికి నోరు రాలేదు. సహోద్యోగులు, విద్యార్థులు వచ్చి, నేను వాళ్ళకు నేర్పిన వాక్యాలనే ప్రేమతో నాకు అప్పజెప్పారు. ఒక్కటీ లోపలికి దిగలేదు. హెప్సిబా గారు మాత్రం రాగిముద్ద, ఆకుకూర చారు టిఫిన్ క్యారియరులో పట్టుకొచ్చి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుని, ఏ వాక్యమూ చదవకుండా, గిన్నెలు కడిగి వెళ్ళిపోయేవారు. ప్రతి శనివారం అంతే. మళ్ళీ పాఠాలకు వెళ్ళాను కాని, తరగతిలో పలికేది నేనేనా అని నాకే అనుమానంగా ఉండేది. క్రిస్మస్ సెలవుల ముందు, ఉద్యోగం మానేస్తానని ముందుగా ఆమెతోనే చెప్పాను.

"మానేయండి. కాదనేదానికి నేనెవరు?" అన్నారామె. "దానికి ముందు నా తరగతికి వచ్చి వెనక వరసలో కూర్చోండి. ఏమీ మాట్లాడొద్దు. ఈస్టరు దాకా కూర్చుని, అప్పుడూ మానాలనిపిస్తే నేనే మీ సంచి మోసి బస్సెక్కిస్తాను."

కూర్చున్నాను. నా విద్యార్థుల వెనుక, నా కంటే రెండేళ్ళే పెద్దదైన సహోద్యోగిని ఎదుట, చీకటి కీర్తన మొదలుకొని అన్నీ మళ్ళీ విన్నాను. మార్చి నెలలో యెహెజ్కేలు దగ్గరికి వచ్చారు. ఎముకల లోయ నాకు కంఠస్థం. ఆమె దాన్ని వెంటనే మొదలుపెట్టలేదు. దానికి ముందున్న మాటను రెండు రోజులు చెప్పారు: రాతిగుండెను తీసివేసి మాంసపు గుండెను ఇస్తానన్న వాగ్దానం. "లేవడం సమాధి దగ్గర మొదలు కాదు, గుండె దగ్గర మొదలవుతుంది. ఇది ఇశ్రాయేలు బోధకుడివై ఉండీ నీకు తెలియదా అనే కదా, తిరిగి పుట్టడం అర్థంకాని నీకొదేమును ప్రభువు అడిగింది" అన్నారు. ఆ తరువాతే లోయలోకి దిగారు. ఎముకకు ఎముక చేరింది, నరాలు వచ్చాయి, చర్మం కప్పింది. కాని వాటిలో ఊపిరి లేదు. అక్కడ గంట కొట్టారు. ఆమె పుస్తకం మూసేశారు.

విద్యార్థులు వెళ్ళాక నేను లేచి వరండాలోకి వచ్చాను. "అక్కడ ఆపేశారేమిటి?" అని కొంచెం విసుగ్గానే అడిగాను.

"ఆ లోయలో కూడా అక్కడ ఆగిందప్పా" అన్నారు. "మీరు లేచి నిలబడినారు, చొక్కా ఇస్త్రీ చేసుకుంటారు, హాజరు పిలుస్తారు. ఊపిరి ఇంకా రాలేదు. దానికి సిగ్గుపడొద్దు, అది కూడా లేఖనంలో ఉండాది. ఊపిరి మనం లాక్కునేది కాదు, నాలుగు దిక్కుల నుంచి పిలిస్తే వచ్చేది."

సుమ పోయిన తరువాత నేను మొదటిసారి ఏడ్చింది ఆ వరండాలోనే. ఆమె గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, నేను ఆగేదాకా నిలబడ్డారు.

ఆ ఏడాది ఈస్టరు వేకువ ప్రసంగం నా వంతు. మన సమాధుల తోట ఫ్యాక్టరీ గోడ పక్కనే ఉంటుందని మీకు తెలుసు. సున్నం కొట్టిన సమాధుల మీద చామంతులు, కొవ్వొత్తులు. వాటిలో సుమది కొత్తది. నేను ముందుకు వెళ్ళి నిలబడ్డాను. మాట రాలేదు. గోడ అవతల రాత్రి షిఫ్టు దిగినవాళ్ళను ఎక్కించుకొని బస్సు వెళ్ళిపోయింది. జనం ఇబ్బందిగా కదిలారు. ఒక విద్యార్థి నన్ను కాపాడదామని పాట ఎత్తుకోబోయాడు. అప్పుడు గుంపులోనుంచి హెప్సిబా గారి గొంతు, అతి మామూలుగా, వినబడింది.

"ఉండప్పా. మూత తీసి ఉండాది. సల్పం ఆగనీ."

అందరూ ఆగారు. నేను సుమ సమాధి వైపు చూసి, మృతులు నిన్ను స్తుతిస్తారా ప్రభువా అన్న ప్రశ్నతో మొదలుపెట్టాను. కొండ, బూడిద, చేప, లోయ, మంచు, ఒక్కొక్కటే దాటుకుంటూ, ఫ్యాక్టరీ కప్పు మీదికి సూర్యుడు వచ్చే వేళకు ఆ తోటలోని ఖాళీ సమాధిని చేరాను. ప్రసంగం ఏమంత గొప్పది కాదు. కాని ఆ మాట నా నోటనుంచి వచ్చింది, నేను దాన్ని నమ్మే పలికాను. ముగించి వస్తుంటే హెప్సిబా గారు, "ఈసారి బియ్యం ఉడికినాయి" అని మాత్రం అన్నారు. రాజీనామా మాట మళ్ళీ మా మధ్య రాలేదు.

అమ్మా, మీరు మాకు ఇచ్చిన మొదటి దినపు కాఫీకి, ఆఖరి దినపు పాఠానికి, ఆ నడుమనున్న ఓర్పు అంతటికీ ఈ కళాశాల యావత్తూ కృతజ్ఞతతో నమస్కరిస్తోంది. మిమ్మల్ని ఇన్నేళ్ళు మాతో పంచుకున్న భర్త బాలరాజు గారికి, కుమార్తె రాధికకు కూడా మా ధన్యవాదాలు. రేపటినుంచి వెనక వరసలో మీరు కూర్చోండి, మేము చెబుతాం, తొందరపడితే ఆపండి. మీ కంటిచూపు తగ్గకుండా, మోకాళ్ళు మొరాయించకుండా, కాఫీ రుచి చెడకుండా, దేవుడు మీకు నిండు ఆయుష్షును, సంపూర్ణ ఆరోగ్యాన్ని అనుగ్రహించుగాక. ఆ తరువాత మనందరినీ పేరుపెట్టి లేపే వేకువ ఒకటి ఉందని మీరే నాకు మళ్ళీ నమ్మకం కలిగించారు. అది వస్తుంది. దానికి మాత్రం తొందరేముండాదమ్మా?