మేడ మీద పొయ్యి

కాదు బాబూ, రోడ్డు మీద ఆ గట్టు పోసేటప్పుడు కాస్త వెనకా ముందూ చూసుకోవద్దా? బండ్లు నెమ్మదిగా వెళ్ళాలని పోశారు, బాగానే ఉంది. వెళ్తున్నాయి. వాన పడితే ఆ నీళ్ళు ఎటు పోతాయో మాత్రం ఎవరూ ఆలోచించలేదు. అన్నీ మా వరండాలోకే.

సర్లెండి, మీరు దానికోసం రాలేదని తెలుసు. గట్లది వేరే సెక్షను, మీది పార్కింగు స్టిక్కర్ల సెక్షను. కూర్చోండి. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. ఇటు.

మేడ మీదికా? వెళ్దురుగాని. మా మరిది ఉన్నాడు పైన, మీకోసమే సెలవు పెట్టాడు. ఒక్క నిమిషం నా మాట వినండి. గట్టిగా మాట్లాడలేను, పైకి వినపడుతుంది.

ఈ ఇల్లు మా మామగారు కట్టించారు. వంటిల్లు చూశారా, ముందు గది కన్నా పెద్దది. "వంటింట్లో పెళ్ళి చేస్తారా అయ్యగారూ?" అని మేస్త్రీ నవ్వాట్ట. "రేపు ఇద్దరు కోడళ్ళొస్తారు, మోచేతులు తగలకుండా తిరగొద్దూ?" అన్నారట ఈయన. అప్పటికి మా ఆయనకి మీసాలైనా మొలవలేదు, మరిదికి పాలపళ్ళు ఊడుతున్నాయి.

మోచేతులు తగల్లేదు బాబూ. నేనూ నా తోడికోడలూ ఇన్నేళ్ళూ ఆ వంటింట్లోనే మసిలాం. మాటా మాటా రాలేదని అనను. వచ్చింది. అలిగినా ఒకే గిన్నెలోది వడ్డించుకుని అలిగాం.

ఆ తర్వాత ఈ కార్లొచ్చి పడ్డాయి. వీధి చివరే స్టేషను కదా. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా పొద్దున్నే వచ్చి మా వీధి నిండా కార్లు పెట్టి, రైలెక్కి పెద్ద ఊళ్ళో ఉద్యోగాలకి పోయేవారు. ఇంట్లో కారు పట్టే చోటు మాకెవరికీ లేదు, ఇవన్నీ పాత కట్టుబళ్ళు. ఒకసారి మా ఆయన కారుని ముందొకడూ వెనకొకడూ ఒరుసుకుని పెట్టేశారు. అద్దం మీదున్న నంబరుకి ఫోను చేస్తే, "అయ్యో, ఇప్పుడే రైలు కదిలిందండీ. సాయంత్రం తీసేస్తా, ఏమనుకోకండి" అన్నాడు. ఎంత మర్యాదో పాపం.

వీధంతా కలిసి మీ ఆఫీసుకి మొరపెట్టుకున్నాం. మీరూ విన్నారు. రోడ్డు సన్నం చేసి పూలతొట్లు పెట్టారు. ఒక్క పక్కనే పార్కింగన్నారు, వీధివాళ్ళకే స్టిక్కరన్నారు. అందరం సంతోషించాం. ఇంటికి ఒక్కటే ఇస్తారన్న సంగతి తర్వాత తెలిసింది.

ఆ ఒక్కటీ మా ఆయన తన కారుకి అంటించేశారు. పెద్దవాణ్ణి కదా అనుకున్నారు, ఎవర్నీ అడగలేదు. మరిది కారు చక్రానికి మీవాళ్ళు తాళం వేసి పోయినప్పుడు కూడా అతను అన్నని ఏమీ అనలేదు. నాతో మాత్రం, "వదినా, వాకిట్లో చోటు లేనివాడికి ఇంట్లో మాత్రం ఉంటుందా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ కారు వాడేది నా తోడికోడలు. ల్యాబులో పని తనకి, వచ్చేసరికి చీకటి పడుతుంది. పట్టాల అవతల కంకర మైదానంలో కారు పెట్టి, పట్టాల కిందనుంచి దారి ఉంది చూశారూ, దీపాలు వెలగవు, అందులోంచి ఒక్కతే నడిచి రావాలి. ఒకరోజు ఎవడో వెంటపడ్డాడు. ఏమీ కాలేదు, పరుగులో చెప్పు తెగింది అంతే. ఆ పూట కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతూనే ఉంది. ముద్ద నోట్లో పెట్టలేదు.

మా స్టిక్కరు ఇచ్చేద్దామంటే, దాని మీద బండి నంబరు ఉంటుందట, ఏడాది దాకా మార్చరట.

మీ కౌంటర్లో కూర్చునే ఆవిడే చెప్పింది దారి. వంటిల్లు వేరైతే కాపురం వేరు, కాపురం వేరైతే ఇంకో స్టిక్కరు. ఆ మాటకి మేం నలుగురం ఎంత నవ్వుకున్నామో. పైన సామాన్ల గది ఖాళీ చేసి, పాత స్టవ్ ఒకటి కొనుక్కొచ్చారు. మా ఆయనే దాన్ని భుజానేసుకుని మెట్లెక్కారు. "ఒరే, ఈ నాటకంలో నాకేమైనా వేషం ఉందా, మోతేనా?" అని తమ్ముణ్ణి అడిగారు. మీరొచ్చి చూసి వెళ్ళగానే దించేద్దామనుకున్నాం.

మీరు రాలేదు బాబూ.

వానలకి ముందు వస్తామన్నారు. వానలు కూడా వెళ్ళిపోయాయి. మిమ్మల్ని అనడం లేదు, మీకెన్ని ఇళ్ళో.

"అక్కా, తోమిపెట్టిన స్టవ్ మరీ తళతళలాడుతుంటే అనుమానపడరూ?" అని ఓ రోజు తను పైనే టీ పెట్టుకుంది. నిజమే, కాస్త మసి పట్టాలి అన్నాను నేను. నేనే అన్నాను. తర్వాత పొద్దున పాలు అక్కడే కాగాయి. తర్వాత, అలిసొచ్చి మళ్ళీ కిందికేం దిగుతాంలే అని, ఒక కూర. నాకు శ్రమ తగ్గుతుందట. కొన్నాళ్ళు మరిది రెండుచోట్లా తిన్నాడు, నా మొహం చూడలేక. ఇప్పుడు "ఆకలి లేదు వదినా" అంటాడు.

మొన్న ఉల్లిపాయలు వేగే వాసన మెట్లమీంచి దిగొచ్చింది. మా ఆయన అప్పుడే భోజనానికి కూర్చున్నారు. తలెత్తి చూశారు, మళ్ళీ దించుకున్నారు. "ఉప్పు ఇలా ఇవ్వు" అన్నారు. ఉప్పు ఆయన పక్కనే ఉంది.

ఎవర్నని అనేది? ఆ పిల్ల చెడ్డది కాదు. మీరు కుదరదంటే మళ్ళీ ఆ చీకటి దారే దానికి. కుదురుతుందంటే మా గుమ్మానికి ఇంకో ఇంటి నంబరు. నన్నేం కోరుకోమంటారు?

మీరడగబోయేదీ తెలుసు. ఒక కాపురమా, రెండా? ఇంటి పెద్దకోడలి నోటిమాట రాసుకోవాలట కదా. "రెండని చెప్పెయ్, ఏం కాదు" అని పొద్దున చెప్పులేసుకుంటూ అన్నారు మా ఆయన. పుట్టి బుద్ధెరిగాక నేను అబద్ధం ఆడి ఎరగను బాబూ. మీరొస్తారని కబురు వచ్చిన దగ్గర్నుంచీ దేవుడి ముందు కూర్చుని ఇదొక్కటే అడుగుతున్నాను. తండ్రీ, నాచేత అబద్ధం ఆడించకు, అని.

ఆయన విన్నాడు.

వెళ్ళి చూడండి. ఆ స్టవ్ మీద చెయ్యి పెట్టకండి, కాలుతుంది. ఇప్పుడే వంటయినట్టుంది. రెండని రాసుకోండి బాబూ. నిజమే చెబుతున్నాను.