మూల లాగి చూశాడా?

(ఫ్లెక్సీలకు అంచులు కుట్టే రేకుల షెడ్డు. మధ్యాహ్నం. బయట గాలి. మిషను దగ్గర అత్త, నేల మీద కత్తిరింపు ముక్కలు ఏరుతూ కోడలు.)

“మూల లాగి చూశాడా లేదా, ముందు అది చెప్పు.”

“ఎవరు అత్తయ్యా?”

“ఇంకెవరు, ఫ్లెక్సీలు కట్టించే మేస్త్రి. బండెక్కించే ముందు మూల మీద కాలు వేసి రెండు చేతులతో గుంజుతాడు కదా. గుంజాడా?”

“ఏమో, నేను చూడలేదు.”

“చూడలేదంటే? పక్కనే ఉన్నావుగా. నేను అటు చేతులు కడుక్కోడానికి వెళ్తే నువ్వే కదా దగ్గరుండి ఎక్కించింది. కళ్లెక్కడ పెట్టుకున్నావు?”

“భుజం మీదున్న చుట్ట మీద పెట్టుకున్నాను. నాలుగంతస్తుల ఫ్లెక్సీ అత్తయ్యా అది. నలుగురం పట్టినా నేల వదలనంది. నా మెడ ఇంకా నా మాట వినడం లేదు.”

“నీ మెడకి కాపడం పెడతాలే. గుంజాడా?”

“అబ్బబ్బ! గుంజలేదు. చాలా?”

“గుంజలేదా?”

“లేదు. ‘పెద్దమ్మ కుట్టు గుంజి చూసేదేముంది, నా వేళ్లు నొప్పెట్టడం తప్ప’ అని నవ్వుకుంటూ బండెక్కాడు. మెచ్చుకున్నాడు అత్తయ్యా. సంతోషించక ఆ మొహం ఏమిటి?”

“ఎప్పుడూ గుంజుతాడే.”

“వేరేవాళ్లవి గుంజుతాడు. మీవి గుంజడం ఎప్పుడో మానేశాడట. మీరు చూస్తుంటే మాత్రం గుంజినట్టు నటిస్తాడట, పెద్దావిడ నొచ్చుకుంటుందని. ఇవాళ మీరు లేరుగా, ఆ నాటకం కూడా తప్పింది.”

“నటిస్తాడా... ఎంతసేపయింది వెళ్లి?”

“మీరు చేతులు కడిగి, మొహం కడిగి, మళ్లీ చేతులు కడిగి వచ్చేసరికి వెళ్లిపోయారు. ఏం కడిగారో అంతసేపు.”

“ఈపాటికి ఎక్కి ఉంటాడా?”

“మేస్త్రా? ఆయన పొట్టకి నిచ్చెన మొదటి మెట్టే అందదు.”

“మేస్త్రి గురించి కాదు నేనడిగేది.”

“తెలుసు. మీ అబ్బాయి గురించి. ఎక్కకపోతే కింద నిలబడి చప్పట్లు కొడతాడా? ఎక్కి ఫ్లెక్సీలు కట్టడమేగా ఆయన పని.”

“ఆ రేకులు చూడు ఎలా కొట్టుకుంటున్నాయో. నేల మీద ఇంత గాలుంటే నాలుగో అంతస్తు దగ్గర ఎంతుండాలి? పొద్దున్నే చెప్పాను వాడికి, ఇవాళ వద్దురా అని.”

“మీరు రోజూ పొద్దున్నే చెబుతారు. నిన్న మబ్బేసిందని వద్దన్నారు. మొన్న ఎండ మండిపోతోంది, కళ్లు తిరుగుతాయి, వద్దన్నారు. ఏ గాలీ, ఏ ఎండా లేని రోజు చూసి చెప్పండి, ఆ రోజే పంపిస్తాను.”

“నవ్వు, నవ్వు. ఆ మధ్య ఏమైంది మరి? ఫ్లెక్సీలోకి గాలి దూరి తెరచాపలా ఉబ్బి, వాణ్ణి గోడకేసి కొట్టలేదూ?”

“మోకాలు చెక్కుకుపోయింది. అంతే.”

“నీకు మోకాలే కనపడింది. ఆ రాత్రి నుంచి నేను కళ్లు మూసుకుంటే నాకేం కనపడుతుందో నీకు తెలీదు.”

“నాకు తెలీదా? పక్కన పడుకునేది నేను. నిద్రలో చెయ్యి చాచి మంచం కోడు పట్టుకుంటాడు. విడిపించబోతే ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. మీకు చెబితే మీరింకా బెంగపడతారని ఊరుకున్నాను.”

“అమ్మో, ఆ సంగతి నాకిప్పుడా చెప్పడం!”

“చూశారా, అందుకే చెప్పలేదు. ఎక్కడికి లేస్తున్నారు? ఆ పక్క మడత ఇంకా మిగిలింది, రండి, నేను పట్టుకుంటాను.”

“ఫోన్ చెయ్యి.”

“ఎవరికి? ఎక్కేముందు ఆయన ఫోన్ కిందే వదిలేస్తాడు.”

“మేస్త్రికి చెయ్యి. వాణ్ణి ఎక్కించొద్దని చెప్పు.”

“ఏమని చెప్పను? మా అత్తయ్యకి భయంగా ఉందనా? ఆ మాట ఆయనకి కంఠతా వచ్చు.”

“కుట్టు బాగాలేదని చెప్పు.”

“ఏ కుట్టు?”

“పై మూల. కుడి పక్కది.”

“మీ కుట్టు బాగాలేదా? అత్తయ్యా, ఇటు చూడండి. మూల దగ్గరికి రాగానే నన్ను దారం తెమ్మని పంపారు. మిషను మీద రీలు నిండుగానే ఉంది. నేను అప్పుడే అనుకున్నాను, ఈవిడకి మతిమరుపు మొదలైందని.”

“మతిమరుపైనా బాగుండు.”

“ఏం చేశారు?”

“మడత లోపల బలానికి వేసే పట్టీ పెట్టలేదు.”

“పట్టీ లేకుండా తాడు కట్టే రింగు కొట్టారా? ఒంటి పొర మీద?”

“దూరం దూరంగా కుట్టాను. చివర వెనక్కి కుట్టలేదు. ముడి కూడా వేయలేదు. దారం అలాగే వదిలేశాను. బుద్ధిగా లాగితే నిలుస్తుంది. ఒక్క జాడింపు చాలు, పై అంచంతా జిప్పులా వచ్చేస్తుంది.”

“ఎందుకు? అయ్యో, ఎందుకు?”

“మేస్త్రి గుంజుతాడు, ఊడుతుంది, నన్ను నాలుగు తిట్టి వెనక్కి పంపేస్తాడు. విప్పి కుడదామంటే పాత సూది కన్నాల వెంట చిరుగుతుంది, అంచు కోసి మళ్లీ మడవాలి. ఇవాళ్టికి వాడు ఎక్కడం తప్పుతుంది. రేపటికి గాలి తగ్గుతుందేమో. అంతే ఆలోచించాను.”

“అంతేనా!”

“అంతే.”

“లోకంలో ఉన్న ప్రతి కీడూ మీకే ముందు తడుతుంది. పాలు పొంగినా ఇల్లంటుకుంటుందంటారు. ఆయన గుంజకపోతే ఎలాగన్న ఒక్క కీడు తట్టలేదా మీకు?”

“ఎప్పుడూ గుంజేవాడే అనుకున్నానే!”

“ఏడవకండి. ఏడిస్తే నాకు చేతులు ఆడవు. ఫోన్ ఏదీ? ఈ ముక్కల్లో ఎక్కడో పెట్టాను. ఏదీ?”

“నీ చేతిలోనే ఉంది.”

“ఈ మాట బయటపడితే ఇంక ఈ షెడ్డు గడప తొక్కనివ్వరు మనల్ని.”

“తొక్కనివ్వకపోతే పోయె. చెయ్యవే తల్లీ, ముందు చెయ్యి. ఇద్దరికీ వినపడేలా స్పీకర్ పెట్టు.”

“మోగుతోంది. ఎత్తడం లేదు... ఎత్తాడు. అన్నయ్యా! మేస్త్రన్నయ్యా!”

“ఎవరూ? చెల్లెమ్మా? గట్టిగా మాట్లాడు, ఇక్కడ గాలి హోరులో నా మాటే నాకు వినపడట్లేదు.”

“ఆయన్ని ఎక్కించొద్దు! ఎక్కించొద్దు అంటున్నా!”

“ఎక్కించడమేమిటి, పై అంచు చట్రానికి కట్టడం కూడా అయిపోయింది. ఇప్పుడు పక్క రింగులు కట్టుకుంటూ దిగుతాడు.”

“ఆగమనండి! అత్తయ్యా, మీరే చెప్పండి, నాకు నోరు తిరగడం లేదు.”

“నాయనా, నేను. ఆ కుడి మూల కుట్టు మంచిది కాదు. మెల్లగా మేడ మీదికి లాక్కోండి వాణ్ణి.”

“పెద్దమ్మా! ఇంకా ఫోన్ రాలేదేమిటా అని నేనే అనుకుంటున్నాను. కిందటిసారి రంగు ఆరలేదన్నారు. అంతకుముందు బొమ్మ తలకిందులుగా ఉందన్నారు. బొమ్మ నేలకేసి పెట్టి కుట్టే మనిషికి అది తలకిందులో కాదో ఎలా తెలిసిందా అని మేమంతా ఒకటే నవ్వు.”

“అప్పుడు అబద్ధం నాయనా. ఇది నిజం. పట్టీ పెట్టలేదు. ముడి వేయలేదు. కావాలని చేశాను.”

“మీరా? ముడి వేయకుండా దారం తెంపారా? ఎవరైనా వింటే నవ్విపోతారు. నిద్రలో ఉన్నా మీ చెయ్యి ముడి వేసే లేస్తుంది.”

“వాడి మీద ఒట్టు.”

“ఆ ఒట్టు రంగు ఆరనప్పుడే వేసేశారు.”

“అన్నయ్యా, నేను చెబుతున్నా కదా. ఆవిడ మాట వద్దు, నా మాట నమ్మండి.”

“నిన్ను కూడా కలిపేసుకుందా? బాగుంది, అత్తాకోడళ్లు ఒక్కటైతే నేనేమైపోవాలి!”

“నాయనా, నీ కాళ్లు పట్టుకుంటాను, ఇది చెప్పు. నడుముకి బెల్టు ఉందా వాడికి? కట్టుకున్నాడా?”

“కట్టుకున్నాడు పెద్దమ్మా, కట్టుకున్నాడు. కొక్కెం గోడకున్న కడ్డీకి తగిలించరా అంటే, అది తుప్పు పట్టింది మేస్త్రీ, దీన్నెవడు నమ్ముతాడు, మా అమ్మ కుట్టిన మూలైతే ఏనుగునైనా మోస్తుందని, ఆ కుడి పక్క రింగుకే తగిలించుకుని దిగుతున్నాడు.”