క్యూలో నిలబడలేనివాళ్ళ కౌంటరు

నా ఈ వీడ్కోలు సభలో అధ్యక్ష స్థానంలో ఉన్న మేనేజరు గారికి, పెద్దలకు, గేటు దగ్గర టిక్కెట్లు చింపే మిత్రులకు, బొమ్మరైలు నడిపే మా మరిదికి నమస్కారం. నాకు పువ్వులు పడవని తెలిసీ ఇంత గుత్తి చేతిలో పెట్టారు కాబట్టి తుమ్ముల మధ్యే మాట్లాడతాను. (నవ్వులు)

ఈ వినోదాల పార్కులో క్యూలో నిలబడలేనివాళ్ళకి, నేరుగా లోపలికెళ్ళే కార్డులిచ్చే కౌంటర్లో ఇన్నేళ్ళూ కూర్చున్నాను. మనిషిని చూసి, రెండు మాటలు మాట్లాడి, ఇచ్చేసేదాన్ని. కిందటేడు మన మేనేజరు గారికి, లేని నొప్పులు చెప్పి కొందరు ముందుకెళ్ళిపోతున్నారని అనుమానం వచ్చింది. ఇకమీదట కార్డు కావాలంటే, తెర మీద కనబడే ఒక అధికారికి ఎవరి కష్టం వాళ్ళే నిరూపించుకోవాలన్నారు. చక్రాల కుర్చీలో వచ్చినాయనతో ఆ అధికారి ఏమన్నాడో తెలుసా? "మీరెలాగూ కూర్చునే ఉన్నారు కదండీ, క్యూలో ఉంటే ఏం?" (నవ్వులు) మీరు నవ్వారు, ఆయన నవ్వలేదు.

ఆ వారమే ఒకావిడ తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చింది. ముప్ఫై దాటిన మనిషి. బొమ్మరైలంటే ప్రాణం, జనం మీదకొస్తే మాత్రం తట్టుకోలేడు. "మీ ఇబ్బందేమిటి?" అని తెర అడిగింది. అతను చక్కగా, "నేను బాగున్నానండీ, మీరు బాగున్నారా?" అన్నాడు. కార్డు లేదు పొమ్మన్నారు. ఆవిడ నాకేసి చూసి, "వాడికి ఆ మర్యాద నేర్పడానికి పదేళ్ళు పట్టిందమ్మా" అంది. (ఆగి) తుమ్ము కాదులెండి, ఒక్క నిమిషం.

తిన్నగా మేనేజరు గారి గదికెళ్ళి, "సార్, మీరొచ్చి వాళ్ళతో క్యూలో నిలబడండి" అన్నాను.

"నాకు మీటింగుందమ్మా."

"అయితే వాళ్ళనే మీటింగుకి తీసుకొస్తా."

సారే లేచి క్యూలోకొచ్చారు పాపం. సగం దూరం వెళ్ళేసరికి ఆ తమ్ముడు చెవులు మూసుకుని, నేలమీద పడి అరవసాగాడు. జనం ఫోన్లు పైకెత్తారు. మేనేజరు గారు కోటు విప్పి అడ్డం పట్టి, ఇస్త్రీ మడతలతోనే అతని పక్కన చతికిలబడ్డారు. అరుపు ఆగేదాకా "ఇక లే బాబూ" అని ఒక్కసారీ అనలేదు. అందుకే ఆయన్ని సగం క్షమించాను. (నవ్వులు) మిగతా సగం ఎందుకు ఆపానంటే, తెర ఇంకా అక్కడే ఉంది. కాకపోతే అది కాదన్నా కౌంటరు అవునంటే చాలని మర్నాడే మార్చారు. అక్కాతమ్ముళ్ళు ఆ వారంలోనే మళ్ళీ వచ్చి రైలెక్కారు.

నా కుర్చీలోకి రాబోయే అమ్మాయీ, అనుమానం వస్తే ఇచ్చెయ్. మోసపోతే ఎవడో ఒక ఘనుడు ముందు రైలెక్కుతాడు, అంతే. ఇవ్వకపోతే ఏమవుతుందో సార్‌ని అడుగు.

అందరికీ కృతజ్ఞతలు. ఇన్నేళ్ళలో నేనిక్కడ ఏదీ ఎక్కలేదు. వచ్చే ఆదివారం మనవరాలితో వస్తున్నా. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఇదిగో, ఇంతమంది ముందు చెప్పాను, ఇంతకంటే నిరూపించను. సెలవు.